నాలుగింటికి ఆగే పాట

"ఇంతకీ మీ సోర్సు ఏంటి మాస్టారూ?" అని అడిగాడు లక్ష్మీకాంత్.

గవర్నర్‌పేటలో మేడ మీదున్న షాపు అది. కింద ఆటోల గోల ఎంతున్నా, అద్దం తలుపు మూస్తే లోపల ఏమీ వినపడదు. మెట్లెక్కి ఆయాసపడుతున్న కోటేశ్వరరావుకి ముందు కుర్చీ లాగి, మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, ఆయన తాగేదాకా ఆగి మరీ అడిగాడు షాపతను. అమ్ముకునేవాడిలో ఆమాత్రం ఓపిక కనపడటం కోటేశ్వరరావుకి హాయిగా అనిపించింది.

"సోర్సంటే?"

"పాట ఎక్కణ్ణుంచి రావాలీ అని. యాంప్లిఫయరుందన్నారు, స్పీకర్లున్నాయన్నారు. ఎనభయ్యేడులో కొన్నవంటే ఇంకో ఇరవయ్యేళ్లు మోగుతాయి, ఢోకా లేదు. క్యాసెట్లు పోయినయ్యి, సీడీలూ పోయినయ్యి. ఇప్పుడు పాటంతా నెట్‌లోంచే కదండీ. ఆ నెట్‌కీ మీ యాంప్లిఫయరుకీ మధ్య ఏం పెడదామా అని."

పక్కనే నిలబడ్డ అల్లుడు జయకృష్ణ అప్పటికే రెండు పెట్టెలు చేత్తో ఎత్తి బరువు చూసి దించాడు. ఆటోనగర్లో లారీల స్పేర్ పార్టుల షాపు అతనిది. బరువుంటే మంచి సరుకని అతని లెక్క.

లక్ష్మీకాంత్ ముందు మాట్లాడే స్పీకరు చూపించాడు. "పేరు పెట్టి పిలిచి అడగండి సార్, పాడుద్ది." కోటేశ్వరరావు గొంతు సవరించుకుని, తరగతిలో పాఠం చదివినట్టు ఒక పాట పల్లవి చెప్పాడు. అది క్షమించమని ఇంగ్లీషులో చెప్పి హిందీ పాటేదో ఎత్తుకుంది. ఇంకోసారి చెప్పాడు. ఈసారి విజయవాడలో ఎండ ఎంతుందో చెప్పింది.

"ఈ వయసులో పెట్టెని బతిమాలుకోలేనయ్యా," అన్నాడు ఆయన.

"పోనీ ఫోన్‌లోంచే స్పీకర్లకి కలిపేస్తే?"

"పెన్షన్ పడిందని మెసేజ్ వస్తే ఇల్లంతా టింగుమంటుంది. వద్దు."

మూడోది టిఫిన్ బాక్సంత నల్ల పెట్టె. ముందు చిన్న తెర, వెనక నాలుగు వైర్లు. దాంట్లోకి ఏ పాటల యాప్‌లోనైనా లాగిన్ అయిపోతే చాలు, ఫోను ఊసే అక్కర్లేకుండా అదే నెట్‌లోంచి పాట తెచ్చుకుని యాంప్లిఫయరుకి ఇస్తుందని లక్ష్మీకాంత్ చెప్పాడు. కోటేశ్వరరావు తలూపాడు.

"పెట్టె బాగానే ఉంది," అన్నాడు జయకృష్ణ. "కానీ మామయ్యగారూ, ఆ పాత యాప్ మాత్రం వద్దు. కొత్తవొచ్చినయ్యి. క్వాలిటీ సీడీని మించిపోద్ది. నా కార్లో కూర్చుని వినండొకసారి. తబలా మీద చర్మం బిగువు కూడా వినపడుద్ది."

"నాకు తబలా వినపడితే చాలు బాబూ."

"అది కాదండీ, మీ పేరు మీద కొత్త అకౌంట్ నేనే తీసిస్తాను. పుట్టినరోజు బహుమతనుకోండి."

"వద్దు. పద్మ యాప్. పద్మ అకౌంటు," అన్నాడు కోటేశ్వరరావు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. పెంచలేదు కూడా. అయినా అల్లుడు వైర్ల వైపు తిరిగాడు.

పద్మావతి పోయి పదకొండు నెలలైంది. ఎడమ పక్షవాతంతో అయిదు నెలలు మంచం మీదుండి, రెండోసారి వచ్చినప్పుడు వెళ్లిపోయింది. ఆ రోజునుంచీ పటమటలోని ఆ రెండు గదుల ఫ్లాటులో పాట మోగలేదు. తమ్ముడికి వండిపెట్టడానికని వచ్చి ఉండిపోయిన అక్కయ్య సామ్రాజ్యం, సంవత్సరీకం అయ్యేదాకా ఇంట్లో సంగీతం పనికిరాదంది. ఆయన సరేనన్నాడు. ఆ మాటకొస్తే అప్పుడు ఆయనకి వినాలనీ లేదు.

కిందటి వారం, సాయంత్రం, సందులోంచి ఒక ఆటో వెళ్లింది. దాంట్లో ఒక పాట. వీణతో మొదలై, పడవ ఒడ్డుకి తగిలినట్టు ఆగి, మళ్లీ సాగే పాత పాట. పద్మ పొయ్యి వెలిగించగానే మొట్టమొదట పెట్టేది అదే. ఆటో మలుపు తిరిగిపోయింది. కోటేశ్వరరావు బాల్కనీలో నిలబడి తర్వాతి పాట కోసం ఎదురుచూశాడు. అది రాలేదు. అదేమిటో గుర్తూ రాలేదు. రాత్రి అన్నం ముందు కూర్చున్నా, పొద్దున పేపరు చేతిలో ఉన్నా, ఆ పాట తర్వాత వంటింట్లోంచి ఏ పాట వచ్చేదో ఎంత తన్నుకున్నా తట్టలేదు.

పద్మ ఏనాడూ లిస్టులు చేసుకోలేదు. ఒక్క పాట పెట్టి వదిలేసేది. తర్వాతది యాప్ తనంతట తనే ఎంచి పెట్టేది. నచ్చకపోతే పిండి చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఒక్క వేలితో దాటేసేది. ఏడేళ్లపాటు అలా దాటేసీ, ఉంచీ, ఆ యాప్‌కి తన మనసు నేర్పింది. ముప్పయ్యొక్కేళ్లు కాలేజీ లైబ్రేరియన్‌గా చేసిన కోటేశ్వరరావు, ఒక్క పాఠకుడికైనా తర్వాత ఏ పుస్తకం ఇవ్వాలో అంత బాగా తెలుసుకున్నానని చెప్పుకోలేడు. అల్లుడు కావాలంటే పాటలన్నీ కొత్త అకౌంటులోకి ఎక్కించగలడు. దేని తర్వాత ఏదో, ఎక్కడ దాటెయ్యాలో, అది ఎక్కించలేడు. అది పద్మ పేరు మీద ఒక్కచోటే ఉంది.

ఆయనకి కావలసింది ఆ తర్వాతి పాట. అంతే.

---

"ఏడాది తిరక్కుండా ఇంట్లోకి పాటల పెట్టె తెచ్చావా?" అంది సామ్రాజ్యం, గుమ్మంలోనే.

"పదకొండు నెలలు నీ మాట విన్నానక్కయ్యా. పన్నెండో నెల నాది."

"జనం ఏవనుకుంటారు?"

"పద్మ పాటలు పద్మ ఇంట్లో మోగుతున్నాయనుకుంటారు."

డెబ్భై రెండేళ్లలో ఈ తమ్ముడు తనకి ఎదురు చెప్పిన సందర్భాలు సామ్రాజ్యం వేళ్ల మీద లెక్కపెట్టగలదు. అందులో ఒకటి పద్మని చేసుకుంటానన్నప్పటిది.

కూతురు సింధూరి పెట్టెని వైర్లకి తగిలించి, తెర మీద తల్లి నంబరు నొక్కింది. ఆ నంబరుకి ఆరంకెల కోడ్ పంపామని, అది కొట్టమని పడింది.

"అమ్మ ఫోనేది నాన్నా?"

"బీరువాలో ఉంటుంది, చేతిసంచీలో."

పద్మ బీరువాని ఆయన ఇన్నాళ్లూ తెరవలేదు. తెరిచాడు. కింది అరలో ఛార్జరుంది, వైరు చుట్టి రబ్బరు బ్యాండు వేసి. చేతిసంచీ లేదు.

"అక్కయ్యా, ఇక్కడి సంచీ?"

సామ్రాజ్యం కొంగు సర్దుకుంది. "పెద్దకర్మ రోజున అమలమ్మకి ఇచ్చాను కదరా. మంచం దగ్గర అయిదు నెలలు చేసిన మనిషి. చీరలు, చెప్పులు, గొడుగు, దుప్పటి, ఆ సంచీ."

"సంచీలో ఫోనుంది కదత్తయ్యా!" అంది సింధూరి.

"ఉందని నాకేం తెలుసే? ఇచ్చేటప్పుడు లోపలేముందో చూడకూడదు. తీసుకున్న మనిషి వెనక్కి తిరక్కుండా వెళ్లాలి. ఇచ్చింది మళ్లీ అడక్కూడదు. మా అమ్మ అలాగే చేసింది, నేనూ అలాగే చేశాను."

జయకృష్ణ నవ్వాపుకోలేకపోయాడు. "స్మార్ట్ ఫోన్ దానం చేసిన ఇల్లు కృష్ణా జిల్లా మొత్తానికి మనదే అయ్యుంటుంది." తర్వాత పనిలోకి దిగాడు. "పర్లేదండీ. అత్తయ్యగారి డెత్ సర్టిఫికెట్ పట్టుకెళ్లి అదే నంబరుకి కొత్త సిమ్ తీసుకుందాం. ఆవిడ దగ్గరున్న సిమ్ దానంతటదే చచ్చిపోద్ది. లేదా కారేసుకెళ్లి ఫోన్ తెచ్చేస్తాను, పది నిమిషాల పని."

"ఇచ్చింది తిరిగి తేవడానికి వీల్లేదు," అంది సామ్రాజ్యం.

"పోనీ కొత్త అకౌంటు..."

"మీరిద్దరూ కాసేపు ఆగండి," అన్నాడు కోటేశ్వరరావు.

తన ఫోను తీశాడు. పద్మ పేరు ఇంకా మొట్టమొదటే ఉంది. పదకొండు నెలల్లో ఆ పేరు మీద వేలు పెట్టడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. ఇప్పుడు ముగ్గురూ చూస్తుండగా నొక్కాడు. మోసాల గురించి జాగ్రత్త చెప్పే గొంతు ఒకటి వచ్చి పోయింది. తర్వాత రింగయింది.

"అయ్యగారూ, దండాలండీ! 'లైబ్రరీ' అని పడిందండీ, వెంటనే తెలిసిపోయింది."

పద్మ తన పేరుని అలా రాసుకుందని ఆయనకి తెలియదు. ఒక్క క్షణం గోడ వైపు తిరిగాడు.

"బాగున్నావా అమలమ్మా?"

"దేవుడి దయండీ. చల్లపల్లిలో ఒక పెద్దాయన్ని చూసుకుంటున్నానండీ. ఫోన్ సంగతి మీకు చెప్పాలనే అనుకున్నానండీ. పెద్దమ్మగారు వెనక్కి తిరిగి చూడకుండా పొమ్మన్నారు కదాని..."

"దానికేంలే. నీ ఫోన్‌కి ఇప్పుడొక ఆరంకెల నంబరు వస్తుంది. అది కాస్త చదువు."

అవతల గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

"అమలమ్మా?"

"అది చెప్పకూడదండీ."

"నేనేగా అడుగుతున్నది."

"మీరే అయ్యుంటారండీ. కానీ ఎవరడిగినా చెప్పొద్దనే కదండీ, ఇందాక ఫోన్‌లో మీకూ అదే చెప్పుంటుంది. ఇప్పుడు గొంతులు కూడా అచ్చుగుద్దినట్టు చేస్తున్నారంట. మా పక్కింటి ఎలీషాకి వాళ్లావిడ గొంతుతోనే ఫోన్ చేశారండీ, ఆవిడ పక్కనే కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తుంటే. ఏమనుకోకండి అయ్యగారూ. మనిషి ఎదురుగా ఉంటే చెప్తాను."

జయకృష్ణ నెత్తి కొట్టుకున్నాడు. కోటేశ్వరరావు మాత్రం నవ్వాడు. పద్మ ఫోను జాగ్రత్త తెలిసిన మనిషి చేతిలో పడిందన్నమాట.

"రేపు వస్తాను," అన్నాడు. కారు పంపుతానన్న అల్లుడితో, "బస్సుంది బాబూ," అన్నాడు.

---

అవనిగడ్డ బస్సులో కిటికీ సీటు దొరికింది. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక అరగంట పాకింది బస్సు. పామర్రు దాటాక ఎటు చూసినా కోసిన వరి దుబ్బుల మధ్య మినుము పచ్చగా లేచి ఉంది. కండక్టరు చల్లపల్లి రాకముందే వచ్చి భుజం తట్టి లేపాడు.

ఊరి చివర డాబా ఇల్లది. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు చూసి కోటేశ్వరరావు ఆగిపోయాడు. పద్మవే. తెగిన పట్టీకి నల్ల దారంతో కొత్త కుట్టు పడింది. అమలమ్మ ఎదురొచ్చింది. ఒంటి మీద ఆవాలరంగు అంచున్న నీలం చీర. ఆ చీర బీరువాలో మడతల్లో ఉండిపోయుంటే తానిక చూసేవాడు కాదు. ఇప్పుడు అది ఎండలో నడుస్తోంది.

"కూర్చోండయ్యగారూ, మజ్జిగిస్తాను. నంబరు సంగతి మాత్రం అయిదింటికి. ఇప్పుడు నాలుగైంది, ఫోన్ ఖాళీ లేదండీ."

"ఎవరైనా చేస్తారా?"

"పెద్దాయనకి కాలు ఆడించాలండీ."

లోపల మంచం మీద బసవపున్నయ్య ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు కాలవ నీళ్ల తగాదాల్లో ఈయన కేకేస్తే అవతలి గట్టు మీదున్నవాళ్లు కూడా ఆగేవాళ్లట. ఇప్పుడు మాట లేదు, కుడివైపు కదలదు. కళ్లు మాత్రం కోటేశ్వరరావుని పైనుంచి కింది దాకా చూసి, మళ్లీ ఫోను మీదికి వెళ్లాయి.

అమలమ్మ ఫోను దిండు పక్కన పెట్టి నొక్కింది. వీణ. పడవ ఒడ్డుకి తగిలినట్టు ఆగి, మళ్లీ సాగింది.

"అదే పాట," అన్నాడు కోటేశ్వరరావు. తను పైకే అన్నట్టు ఆయనకి తెలియలేదు.

"అమ్మగారికీ దీంతోనే మొదలండీ. మీరు మందులకని బజారుకెళ్లే వేళ. చరణానికి పదిసార్లు పిడికిలి మూయాలి, తెరవాలి. పాట లేకపోతే అప్పుడు అమ్మగారూ వినేవారు కాదు, ఇప్పుడు పెద్దాయనా వినరండీ. పాటొస్తే ఒళ్లు దానంతటది వస్తుంది. ఏవండీ పెద్దాయనా, చుట్టం ముందు పరువు తీయకండి మరి. ఊఁ, ఒకటి..."

మడమ కింద చెయ్యి పెట్టింది. కాలు లేచింది. సగం ఆమె బలం, సగం ఆయనది. దిగింది. మళ్లీ లేచింది. మూడో చరణానికి ఆమె చెయ్యి తీసేసింది. కాలు ఒక జానెడు తనంతట తను లేచి, వణికి, దిగింది. బసవపున్నయ్య కోటేశ్వరరావు వైపు చూశాడు, చూశావా అన్నట్టు.

పాట అయిపోతోంది. కోటేశ్వరరావు కుర్చీ చేతిని పట్టుకున్నాడు. ఇక తర్వాతది.

డోలక్ మీద గట్టి దరువుతో చర్చి ప్రార్థన పాట మొదలైంది.

అది కాదు. గుర్తులేకపోయినా అది కాదని ఆయనకి తెలుసు. పటమట వంటింట్లో ఆ వీణ పాట తర్వాత ఎప్పుడూ ఈ దరువు రాలేదు. పదకొండు నెలలుగా ఎక్కడో చెక్కు చెదరకుండా ఉందనుకున్నది, ఇంకో చేతిలో ఇంకోలా అయిపోయింది. మజ్జిగ తాగాడు. దరువుకి కాలు ఇంకా పైకి లేస్తోంది.

అయిదైంది. అమలమ్మ దుప్పటి కప్పి, చేతులు కడుక్కుని వచ్చింది.

"అమలమ్మా, ఆ మొదటి పాట తర్వాత ఇదివరకు వేరే పాట వచ్చేది కదా?"

"అవునండీ. అది నెమ్మది పాటండీ. పెద్దాయన కాలు దానికి లేవదు. అందుకని దాటేసేదాన్ని. దాటేస్తా దాటేస్తా ఉంటే ఓ నెలకి రావడం మానేసింది. దాటెయ్యడం అమ్మగారే నేర్పారు." ఆమెకి ఏదో అర్థమైనట్టుంది. "ఈ ప్రార్థన పాట నేను సొంతంగా పెట్టింది కాదండీ. ఆఖరి నెలలో అమ్మగారే అడిగి పెట్టించుకునేవారు. నేను కూనిరాగం తీస్తుంటే విని, పిడికిలికి బాగా కుదిరిందన్నారు."

"ఆ నెమ్మది పాట... ఏదో నీకు గుర్తుందా?"

"ఎందుకుండదండీ, అయిదు నెలలు విన్నాను."

అమలమ్మ గోడకి ఆనుకుని, కళ్లు మూసుకుని, మాటలు సగం మింగేస్తూ పాడింది. గొప్ప గొంతేం కాదు. రెండో పంక్తికే కోటేశ్వరరావు పెదాలు కదిలాయి. మూడో పంక్తి ఆయనే ముందందుకున్నాడు. పప్పుకి తిరగమోత పడే వేళ పాట అది. ఇది వస్తే పద్మ పొయ్యి తగ్గించేది. వారం రోజులు వెతికినది, అమలమ్మ గొంతులో దొరికింది.

కళ్లు తుడుచుకుని, "సిమ్‌కి నువ్వే రీఛార్జ్ చేయిస్తున్నావా?" అని అడిగాడు.

"చెయ్యకపోతే నంబరు ఇంకొకళ్లకి ఇచ్చేస్తారంట కదండీ. అమ్మగారికి ఎవరైనా చేస్తారు. పోయిన సంగతి తెలియనోళ్లు ఏడుగురు చేశారు. రేపల్లె నుంచి ఎవరో చిన్ననాటి స్నేహితురాలు చేసి చాలాసేపు ఏడ్చారండీ. నేనే చెప్పి ఊరుకోబెట్టాను. మీకు చేస్తే మీరు మళ్లీ మొదట్నుంచీ చెప్పాలి కదాని."

కోటేశ్వరరావు ఏడుసార్లు చెప్పాల్సిన మాట. ఆయన తరఫున ఈమె చెప్పింది.

కాసేపటికి సింధూరికి ఫోన్ చేశాడు. అక్కడ పెట్టె ముందు ఆమె నంబరు నొక్కింది. ఇక్కడ పద్మ ఫోను టింగుమంది. అమలమ్మ ఆయన మొహం ఒకసారి పరీక్షగా చూసి, "ఇప్పుడు మీరే," అని, ఆరంకెలూ చదివింది.

"వచ్చేసింది నాన్నా! లోపలికెళ్లిపోయాం. కానీ పైనంతా ప్రభువు పాటలే ఉన్నాయేంటి? అమ్మవి కిందెక్కడో ఉన్నాయి."

వెనకనుంచి జయకృష్ణ గొంతు. "చెప్పానా! మామయ్యగారూ, ఆ అకౌంటు ఒక్కచోటే మోగుద్ది. ఆవిడక్కడ పెడితే మీకిక్కడ ఆగుద్ది. మీరు పెడితే ఆవిడకి ఆగుద్ది. మిగతా ఫోన్లన్నిట్లోంచీ తీసెయ్యమని కొట్టేద్దాం. ఆ పాటలన్నీ కూడా తుడిచేస్తే మళ్లీ శుభ్రంగా అత్తయ్యగారి లిస్టు తయారవుద్ది."

"తీసెయ్యనా అని అదే అడుగుతోంది నాన్నా," అంది సింధూరి. "అవునని కొట్టనా?"

ఫోను స్పీకర్లో ఉంది. అమలమ్మకి వినపడింది. ఛార్జరు వైరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి పక్కన పెట్టింది, పద్మ వేసినట్టే. మంచం మీద బసవపున్నయ్య కళ్లు ఫోను మీదే ఉన్నాయి.

అవునంటే చాలు. పద్మ తనకి తిరిగొస్తుంది, ఎవరి చెయ్యీ పడని పద్మ.

"వద్దు," అన్నాడు కోటేశ్వరరావు.

"నాన్నా, రెండు చోట్లా మోగదంటున్నారు..."

"విన్నాను. వద్దనే కొట్టు."

"మామయ్యగారూ, కనీసం ఆవిడకి వేరే అకౌంటు..."

"ఆవిడకున్నది చాలు. పద్మ దగ్గర నేర్చుకున్నది ఇద్దరే, ఈ యాప్, అమలమ్మ. వాళ్లని విడదీయడానికి నేనెవర్ని? నాలుగు నుంచి అయిదు దాకా ఆమెది. మిగతా ఇరవై మూడు గంటలూ నాకు చాలవా?" గొంతు ఈసారి పెరిగింది. ఆయనకే కొత్తగా వినపడింది. "వద్దని కొట్టావా లేదా?"

"కొట్టాను నాన్నా."

అమలమ్మ మజ్జిగ గ్లాసు తీసుకెళ్లబోయి ఆగింది. "నాలుగూ పదికి మొదలెట్టినా పర్లేదండీ మాకు."

"నాలుగే," అన్నాడు ఆయన.

---

ఆదివారం అందరూ పటమటలో భోజనాలకి వచ్చారు. మధ్యాహ్నం నాలుగింటికి పావుగంట ముందు కోటేశ్వరరావు పెట్టె ముందు కూర్చుని వీణ పాట పెట్టాడు. ఎనభయ్యేడు నాటి స్పీకర్లు ఒకసారి గురగురమని, తర్వాత గది నిండా పలికాయి. జయకృష్ణ కూడా ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. తబలా మీద చర్మం వినపడుతోందో లేదో గాని, ఆ పాట వంటింటి గుమ్మం దాకా వెళ్లింది.

సామ్రాజ్యం మాత్రం వంటింట్లోనే ఉంది, మొహం చూపించకుండా. పాట అయింది. డోలక్ దరువు మొదలైంది. ఆమె గరిటతో సహా బయటికొచ్చింది.

"ఏడాది కూడా తిరగని ఇంట్లో ఈ పాటేంట్రా! దాటెయ్యి."

"దాటెయ్యనక్కయ్యా."

"ఎదురింటివాళ్లు మనం మతం మారామనుకుంటారు!"

"అడిగితే లేదని చెప్పు. అడక్కపోతే వదిలెయ్యి. నేనిక్కడ దాటేస్తే అక్కడ కూడా రావడం మానేస్తుంది. అక్కడొక ముసలాయన కాలు దీనికే లేస్తోంది."

"మన మంత్రాలకి లేవదా కాలు?"

"ప్రయత్నించాల్సింది నేను కాదుగా. అయినా ఇది పద్మ అడిగి పెట్టించుకున్న పాట."

"పద్మా?"

"ఆఖరి నెలంతా. నాకూ తెలియదు, నీకూ తెలియదు. నువ్విచ్చిన సంచీ వెళ్లి చెప్పింది."

సామ్రాజ్యం గరిట వైపు చూసుకుంది. తన ఆనవాయితీ ప్రకారం తనే చూడకుండా ఇచ్చిన సంచీ అది. ఇచ్చింది మళ్లీ అడక్కూడదన్నదీ తనే. "నా మీదికే తిప్పుతావేరా," అని సణుక్కుంటూ లోపలికెళ్లింది. దరువు పూర్తిగా మోగి అయిపోయింది. తర్వాత, ఎవరూ చెప్పకుండా వచ్చేది కాదు కనక, కోటేశ్వరరావు తనే వెతికి నెమ్మది పాట పెట్టాడు. పల్లవి రాగానే వంటింట్లో ఎవరో పొయ్యి తగ్గించిన చప్పుడైంది.

మూడో చరణం మధ్యలో, ఒక మాట సగంలో, పాట టక్కున ఆగింది. వేరేచోట మోగుతోందని తెర మీద చిన్న అక్షరాలు పడ్డాయి.

గోడ గడియారంలో నాలుగు.

"చూశారా?" అన్నాడు జయకృష్ణ. "మంచి పట్టులో ఆపేసింది. ఇంత ఖరీదైన సోర్సు పెట్టుకుని, మామయ్యగారూ..."

"టీ తాగు బాబూ," అన్నాడు కోటేశ్వరరావు.

పెట్టెని ముట్టుకోలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, పిడికిలి మూశాడు. తెరిచాడు. మూశాడు. సింధూరి చూసింది. వచ్చి తండ్రి పక్కన చాప మీద కూర్చుంది. అల్లుడు రెండుసార్లు ఫోను తీసి, రెండుసార్లూ లోపల పెట్టేశాడు. సందులో ఆటోలు పోతున్నాయి, కింద ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు. ఇంతకుముందు పదకొండు నెలల నిశ్శబ్దం ఇలా ఉండేది కాదు.

టీ గ్లాసులు ఎత్తడానికి వచ్చిన సామ్రాజ్యం గడియారం కింద నిలబడింది.

"అయిదు దాటి రెండు నిమిషాలైంది," అంది, ఎవరితోనో అన్నట్టు. "ఆ ముసలాయనది అయిపోయి ఉండదా? పెట్టవేం?"

కోటేశ్వరరావు ముందుకి వంగి, ఆగిపోయిన చరణం మళ్లీ మొదట్నుంచీ పెట్టాడు. యాంప్లిఫయరు మరని ఇదివరకటి కంటే ఒక గీత ఎక్కువే తిప్పాడు.